రొట్టెకి తోడు

పోయిన సెమిస్టర్‌లో ఒకరోజు రాత్రి పదకొండున్నరకి జర్మనీ నుంచి మా అక్క వీడియో కాల్ చేసింది. కెమెరా తన మొహం మీద లేదు, ఒక ప్లేట్ మీద ఉంది. ప్లేట్‌లో ఇటుక లాంటిది ఒకటి. కోస్తే చాకుకి బంకలా అంటుకుంటోంది. "ఇదేంట్రా ఇలా వచ్చింది? నువ్వే కదా చెయ్యమన్నావ్!" అంది.

నిజమే, నేనే చెయ్యమన్నా. అక్క అక్కడ వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో ఎమ్మెస్ చదువుతోంది. అప్పటికి పార్ట్‌టైమ్ జాబ్ దొరకలేదు. ప్రతి రూపాయికీ, అంటే ప్రతి సెంటుకీ, లెక్క రాసుకుంటోంది. సూపర్ మార్కెట్‌లో 'రొగ్గెన్‌మేల్' అనే పిండి చవగ్గా కనిపిస్తే, పేరు మన రాగిపిండిలా ఉందని నవ్వుకుని కొనేసింది. తీరా చూస్తే అది రై అనే ధాన్యం పిండి. రొట్టె చేసుకుంటే వారం గడిచిపోతుందనుకుంది. "రెసిపీలో సావర్‌డో కావాలని ఉందిరా. నా దగ్గర ప్యాకెట్ ఈస్టే ఉంది, పర్లేదా?" అని నన్నడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఏదైనా ఒకటే అక్కా, పొంగించడమే కదా దాని పని" అని చెప్పేశా. ప్రోగ్రామ్‌లో ఒక లైబ్రరీ బదులు ఇంకోటి ఇంపోర్ట్ చేసుకున్నట్టే అనుకున్నా.

కేజీ పిండి, ఒక ఆదివారం, ఓవెన్ కరెంటు, అన్నీ వేస్ట్. అక్క పెద్దగా ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి ఏం తిన్నావని అడిగితే టాపిక్ మార్చేసింది. నాకు అది గుచ్చుకుంది. అసలు ఎక్కడ తప్పు చెప్పానో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, యూరప్ రొట్టెలన్నీ వరసగా ఎదురొచ్చాయి. ఈ వ్యాసం ఒకరకంగా అక్కకి నా సంజాయిషీ. ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియంలోనే చదివాను కాబట్టి తెలుగులో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

పొంగడానికి రెండు కావాలి

రొట్టె పొంగాలంటే పిండి లోపల గ్యాస్ పుట్టాలి. పుట్టిన గ్యాస్‌ని బయటికి పోనివ్వకుండా పిండి పట్టుకోవాలి. నేను మొదటిది మాత్రమే చూశా. రెండోది ఉందన్న సంగతే నాకు తట్టలేదు.

పట్టుకునే పని గోధుమలో గ్లూటెన్‌ది. గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. నీళ్లు పోసి పిసికితే అవి ఒకదానికొకటి అల్లుకుని సాగే వలలా తయారవుతాయి. చపాతీ ముద్దని లాగి వదిలితే కొంచెం వెనక్కి వెళ్తుంది చూడండి, అది ఈ వల పనే. లోపల గ్యాస్ పుడుతుంటే ఈ వల బెలూన్‌లా సాగుతుంది. ఓవెన్‌లో వేడికి గ్యాస్ వ్యాకోచిస్తుంది, కొంత నీరు ఆవిరవుతుంది, రొట్టె ఇంకాస్త లేస్తుంది. సుమారు 60 డిగ్రీలు వచ్చేసరికి ఈస్ట్ చచ్చిపోతుంది. ఆ తర్వాత ప్రోటీనూ, ఉడికిన స్టార్చూ గట్టిపడి, బుడగల ఆకారం అలాగే నిలిచిపోతుంది. రొట్టె ముక్కలో మనకి కనిపించే రంధ్రాలు ఆ బుడగలే.

ఇక గ్యాస్ ఎవరిస్తారు అన్నది మిగిలింది. యూరప్ సంప్రదాయ రొట్టెల్లో దీనికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి: పులిసిన పిండి, విడిగా తెచ్చి వేసే ఈస్ట్, సోడా.

మొదటి దారి: పులిసిన పిండి

సావర్‌డో అంటే పిండీ నీళ్లూ కలిపి వదిలేస్తే, ధాన్యం మీదా పిండిలోనూ ముందే ఉన్న సూక్ష్మజీవులు పెరిగి తయారయ్యే ముద్ద. రోజూ కొంత తీసేసి, కొత్త పిండి, నీళ్లు వేస్తూ ఉండాలి. మొదటి రెండు రోజుల్లో బుడగలొస్తే సంబరపడకూడదు. అవి వేరే బ్యాక్టీరియావి. పులుపు పెరిగేకొద్దీ అవి ఓడిపోతాయి, మూడో నాలుగో రోజు ముద్ద చచ్చినట్టు పడుంటుంది. చాలామంది అక్కడే పారేస్తారు. ఓపిగ్గా వారం, రెండు వారాలు మేపితే పులుపుని తట్టుకునే ఈస్ట్‌లు, లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా స్థిరపడతాయి. సంఖ్యలో బ్యాక్టీరియాదే పైచేయి, మామూలుగా ఒక ఈస్ట్ కణానికి వంద దాకా బ్యాక్టీరియా ఉంటాయి.

ఇన్ని జీవులు ఒకే తిండి కోసం కొట్టుకోవా అని నాకు డౌట్ వచ్చింది. కొన్ని జంటలు కొట్టుకోవు. పిండిలో స్టార్చ్ విరిగితే మాల్టోజ్ అనే చక్కెర వస్తుంది. కజక్‌స్తానియా హ్యూమిలిస్ అనే ఈస్ట్ మాల్టోజ్‌ని ముట్టుకోలేదు. దాని పక్కనే ఉండే శాన్‌ఫ్రాన్సిసెన్సిస్ అనే బ్యాక్టీరియాకి మాల్టోజే ఇష్టం. ఒకే రిసోర్స్ మీద ఇద్దరూ లాక్ వెయ్యరు కాబట్టి డెడ్‌లాక్ లేదు. ఈ బ్యాక్టీరియాకి పేరు శాన్‌ఫ్రాన్సిస్కో రొట్టెల వల్ల వచ్చింది కానీ, యూరప్‌లోని పులిసిన పిండి ముద్దల్లోనూ ఇది బాగా కనిపిస్తుంది. ఈస్ట్‌తో పాటు ఇలాంటి బ్యాక్టీరియా కూడా కొంత గ్యాస్ ఇస్తుంది. మన ఇడ్లీ పిండిని పొంగించడంలో కూడా ముఖ్యమైన చెయ్యి ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియాదే.

ఈ దారిలో బాగా పేరున్నది ఇటలీ దక్షిణాన పూలియా ప్రాంతంలోని అల్టమూరా రొట్టె. డ్యూరమ్ గోధుమ రవ్వని మళ్లీ విసిరి, ఆ పసుపుపచ్చ పిండిని పులిసిన ముద్దతో పొంగిస్తారు. పూర్వం ఆ ఊళ్లో పిండి ఇంట్లో కలుపుకుని, కాల్చడానికి ఊరుమ్మడి పొయ్యికి తీసుకెళ్లేవాళ్లు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియాలి కదా, అందుకని ఇంటి పెద్ద పేరులోని పొడి అక్షరాలు చెక్కిన ముద్ర దాని మీద వేసేవాళ్లు. 2003లో యూరోపియన్ యూనియన్ ఈ రొట్టె పేరుకి రక్షణ ఇచ్చింది. అల్టమూరా పద్ధతిలో చెయ్యని రొట్టెకి ఆ పేరు పెట్టి అమ్మకూడదు.

రెండో దారి: నురగ నుంచి ప్యాకెట్ దాకా

బీరు పులుస్తున్నప్పుడు పైన నురగ కడుతుంది. అందులో నిండా ఈస్టే. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, గాల్, ఐబీరియా ప్రాంతాలవాళ్లు ఈ నురగతో రొట్టె పొంగిస్తారనీ, అందుకే వాళ్ల రొట్టె తేలిగ్గా ఉంటుందనీ రాశాడు. ఇంగ్లండ్‌లో ఈ నురగని బార్మ్ అంటారు. బీరు కాచే ఇల్లూ, రొట్టె కాల్చే ఇల్లూ అక్కడ చాలాకాలం ఇరుగుపొరుగుగా బతికాయి.

ప్యారిస్‌లో మాత్రం ఇది పెద్ద గొడవైంది. పాలు, ఉప్పు, బీరు ఈస్ట్ వేసి చేసే మెత్తటి రొట్టెలు అక్కడి ధనవంతులకి తెగ నచ్చాయి. బీరు మడ్డి వేసిన రొట్టె ఆరోగ్యానికి మంచిదేనా అని వాదన లేచింది. 1668లో ప్యారిస్ వైద్య ఫ్యాకల్టీ మంచిది కాదని తేల్చింది. 1670లో అక్కడి ఉన్నత న్యాయస్థానం, ఈస్ట్ తాజాగా ఉంటే వాడుకోవచ్చని అనుమతిచ్చింది. ఈస్ట్ అనేది ఒక ప్రాణి అని అప్పటికి ఎవరికీ తెలియదు. అది తేలడానికి 19వ శతాబ్దం, లూయీ పాశ్చర్ లాంటివాళ్లు రావాల్సి వచ్చింది.

ఆ 19వ శతాబ్దంలోనే వియన్నా ముందుకొచ్చింది. 1830ల చివర్లో ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియన్ ప్యారిస్‌లో వియన్నా తరహా బేకరీ తెరిచాడు. శతాబ్దం మధ్యకొచ్చేసరికి వియన్నాలో ఈస్ట్‌ని ధాన్యం మీద ప్రత్యేకంగా పెంచి, నీళ్లు పిండేసి, గట్టి ముద్దలుగా అమ్మడం మొదలైంది. ఇక బీరు తయారీదారుడి మీద ఆధారపడక్కర్లేదు. అక్క దగ్గరున్న ప్యాకెట్ ఆ ముద్దకి మనవరాలు. అందులో ఉండేది ఒకే జాతి, సాక్రోమైసిస్ సెరెవిసియే. ఒక గ్లూకోజ్ అణువుని రెండు కార్బన్ డయాక్సైడ్, రెండు ఆల్కహాల్ అణువులుగా విడగొడుతుంది. ఆల్కహాల్ చాలావరకు ఓవెన్‌లో ఆవిరైపోతుంది. పని చకచకా జరుగుతుంది, పులుపు పెద్దగా రాదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, అక్క ఇటుక రహస్యం అక్కడే ఉంది.

ఫ్రెంచ్ బగెట్ ఎక్కువగా ఈ దారిలోదే. బగెట్ అంటే కర్ర. దాని తయారీ నైపుణ్యాన్ని 2022లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకన్నా నాకు నచ్చింది 1993 నాటి ఫ్రెంచ్ చట్టం. 'సంప్రదాయ ఫ్రెంచ్ రొట్టె' అని అమ్మాలంటే గోధుమపిండి, నీళ్లు, ఉప్పు ఉండాలి, ఈస్ట్‌తోనో పులిసిన పిండితోనో పొంగించాలి, ఏ దశలోనూ ఫ్రీజ్ చెయ్యకూడదు, రసాయనాలు కలపకూడదు. 'పులిసిన పిండి రొట్టె' అనాలంటే ఇంకో షరతు ఉంది, పీహెచ్ 4.3 దాటకూడదు. పులుపుకి కూడా చట్టంలో నంబర్ రాసుకున్నారు!

ఈస్ట్ వాడినా తొందరపడకుండా ఉండే పద్ధతులు ఉన్నాయి. ఇటలీవాళ్లు కొంచెం పిండిలో చిటికెడు ఈస్ట్ వేసి, గట్టి ముద్ద చేసి రాత్రంతా ఉంచుతారు. దాన్ని బీగా అంటారు. మర్నాడు మిగతా పిండిలో కలుపుతారు. పెద్ద పెద్ద రంధ్రాలుండే చబాటా ఇలాగే చేస్తారు. పేరుకి అర్థం చెప్పు. పాత చెప్పులా బల్లపరుపుగా ఉంటుందని. ఇదేదో రోమన్ల కాలం నాటిది అనుకున్నా. కానీ 1982లో వెనెటోలోని ఆడ్రియా అనే ఊళ్లో, పిండిమర నడిపే అర్నాల్దో కవల్లారి తయారుచేశాడు. ఆయన ర్యాలీ కార్లు కూడా నడిపేవాడు. అంటే 'సంప్రదాయం' మా నాన్న కన్నా చిన్నది!

మూడో దారి: సోడా

ఐర్లండ్ కథ వేరు. అక్కడి తడి వాతావరణంలో పండే గోధుమ మెత్తటిది, గ్లూటెన్ తక్కువ. గంటల తరబడి గ్యాస్‌ని పట్టుకునే బలం దానికి లేదు. 19వ శతాబ్దం తొలి భాగంలో వంటసోడా అందుబాటులోకి వచ్చాక వాళ్లకి దారి దొరికింది. వెన్న చిలికాక మజ్జిగ ఎలాగూ మిగులుతుంది. మజ్జిగలో లాక్టిక్ యాసిడ్ ఉంది. సోడా దాంతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ బుసబుసా వచ్చేస్తుంది.

ఇక్కడ ఏ జీవికీ తిండి పెట్టక్కర్లేదు, ఎదురుచూడక్కర్లేదు. నిజానికి ఎదురుచూస్తే నష్టం, గ్యాస్ పోతుంది. అందుకే సోడా రొట్టెని ఎక్కువ పిసకరు. కలిపి, గుండ్రంగా చేసి, పైన కొడవలి గీతల్లా కాకుండా ప్లస్ గుర్తులా లోతుగా కోసి, వెంటనే కాలుస్తారు. పల్లెటూళ్లలో ఓవెన్ లేనివాళ్లు ఇనప కుండలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్లు. పిండి బలహీనత వల్ల పుట్టిన పద్ధతి ఇది. గ్యాస్‌ని ఎక్కువసేపు పట్టుకోలేని పిండికి, ఎక్కువసేపు పట్టుకోవాల్సిన అవసరమే రాకుండా చేశారు.

అక్క ఇటుక ఎందుకైంది?

ఇప్పుడు రై దగ్గరికి వద్దాం. చలికీ, ఇసుక నేలలకీ తట్టుకునే పంట కాబట్టి జర్మనీ, పోలండ్, డెన్మార్క్, ఫిన్లండ్, రష్యాల్లో గోధుమ సరిగ్గా పండని చోట్ల రై పండించారు. కానీ రైలోని ప్రోటీన్లు గోధుమలోలాగా మంచి వల అల్లలేవు. దాని బదులు పెంటోసాన్లు అనే పదార్థాలు బోలెడు నీళ్లు పీల్చుకుని జిగురులా మారతాయి. ఆ జిగురూ, ఉడికిన స్టార్చూ కలిసి రొట్టెని నిలబెట్టాలి.

ఇక్కడే చిక్కు. రై పిండిలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ. దాని పని స్టార్చ్‌ని ముక్కలు చెయ్యడం. ఓవెన్‌లో రై స్టార్చ్ ఉడకడం మొదలయ్యే వేడికి ఈ ఎంజైమ్ ఇంకా బతికే ఉంటుంది. ఒకపక్క గోడ కడుతుంటే ఇంకోపక్క ఇటుకలు కరిగించేస్తున్నట్టు. పైన పెంకు గట్టిపడుతుంది, లోపల బంకే మిగులుతుంది. అక్క ప్లేట్‌లో ఉన్నది అదే.

దీన్ని ఆపేది పులుపు. పిండి బాగా పులిస్తే అమైలేజ్ మందగిస్తుంది, స్టార్చ్ నిలబడుతుంది. అందుకే జర్మన్ బేకర్లు రై పిండిలో కొంత భాగాన్ని ముందే పులియబెడతారు. కావాలంటే దాంతోపాటు ఈస్ట్ కూడా వేస్తారు, తప్పేం లేదు. కానీ ఈస్ట్ ఒక్కటే వేస్తే గ్యాస్ వస్తుంది, పులుపు రాదు. గోధుమ రొట్టెలో పులుపు రుచి కోసం. రై రొట్టెలో పులుపు లేకపోతే రొట్టే లేదు. "ఏదైనా ఒకటే" అన్న నా మాట గోధుమకి చాలావరకు చెల్లుతుంది, రైకి చెల్లదు. నేను గ్యాస్ లెక్క చూసి పులుపు లెక్క మర్చిపోయా.

విచిత్రం ఏంటంటే, అక్క ఉన్న వెస్ట్‌ఫాలియానే పంపర్‌నికెల్ పుట్టిల్లు. బరక రై రవ్వతో చేసి, తక్కువ వేడి మీద కనీసం 16 గంటలు, ఒక్కోసారి 24 గంటలు మగ్గబెడతారు. సంప్రదాయ పద్ధతిలో రంగు కలపరు. అన్ని గంటల్లో చక్కెరలూ ప్రోటీన్లూ చర్య జరిపి రొట్టె దానంతటదే నల్లబడుతుంది, తియ్యబడుతుంది. ఫిన్లండ్ పశ్చిమ ప్రాంతంలో ఇంకో రకం. మధ్యలో రంధ్రం ఉన్న పల్చటి రై రొట్టెలు ఏడాదికి కొన్నిసార్లే కాల్చి, కర్రకి గుచ్చి, ఇంటి కప్పు కింద ఆరేసి నిల్వ చేసుకునేవాళ్లు. పిండి కలిపే చెక్క తొట్టిని మాత్రం కడిగేవాళ్లు కాదు. అంచులకి ఎండిపోయిన పిండే తర్వాతి రొట్టెకి ఆధారం.

టైమ్ సంగతి

1961లో ఇంగ్లండ్‌లోని చోర్లీవుడ్‌లో ఒక పరిశోధన సంస్థ కొత్త పద్ధతి కనిపెట్టింది. పిండిని కొన్ని నిమిషాలపాటు మహా వేగంగా తిప్పడం, విటమిన్ సీ, కొంచెం కొవ్వు, ఎక్కువ ఈస్ట్ వెయ్యడం. దాంతో గంటల తరబడి ఊరబెట్టే పని తప్పింది, ప్రోటీన్ తక్కువున్న ఇంగ్లండ్ గోధుమ కూడా పనికొచ్చింది. దాన్ని విలన్‌లా చూపించాలని నాకు లేదు. తక్కువ ధరకి ఎక్కువమందికి మెత్తటి రొట్టె అందింది. కాకపోతే రొట్టె రుచిలో, వాసనలో చాలా భాగం ఆ ఊరే గంటల్లోనే తయారవుతుంది. గంటలు తీసేస్తే అదీ పోతుంది.

తోడు

ఇదంతా చదివాక అక్కకి ఫోన్ చేసి, "తప్పు నాదేనక్కా" అని మొత్తం చెప్పా. అంతా విని, "కింద ఫ్లోర్‌లో ఒక పెద్దావిడ ఉంటారు, అడిగి చూస్తా" అంది. ఆరు నెలలుగా ఆ బిల్డింగ్‌లో ఉంటోంది కానీ అప్పటిదాకా ఎవరి తలుపూ తట్టలేదట. ఆవిడ జామ్ సీసాలో రెండు స్పూన్ల పులిసిన పిండి ఇచ్చి, ఎలా మేపాలో చేతులతో చేసి చూపించారట. అక్క జర్మన్ ఇంకా అంతంతమాత్రమే.

ఈ సంగతి అమ్మకి చెప్తే, "అంటే తోడు తెచ్చుకుందన్నమాట" అంది, చాలా మామూలుగా. నేనేమో రెండు వారాలుగా సావర్‌డో స్టార్టర్‌కి తెలుగు మాట ఏంటా అని వెతుకుతున్నా. ఫ్రెంచ్‌లో లెవాన్ అంటారు, పైకి లేపడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. జర్మన్‌లో సావర్‌టైగ్, అంటే పుల్లటి పిండి. ఇటలీలో లియెవిటో మాద్రే, తల్లి ఈస్ట్. మనకి పాలల్లో వేసే తోడు ఎప్పటినుంచో ఉంది. పెరుగు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి అడిగి తెచ్చుకునే తోడు. ఇంగ్లిష్‌లో కంపానియన్ అనే మాటకి మూలం లాటిన్, అర్థం కలిసి రొట్టె తినేవాడు. మన తోడుకీ అదే అర్థం ఉంది. ఇకనుంచి నేను సావర్‌డో స్టార్టర్‌ని తోడుపిండి అనే అంటా. మీకు నచ్చితే మీరూ అనండి.

రెండో రొట్టె బాగా వచ్చింది. ఫోటో పెట్టింది. కోస్తే చాకు శుభ్రంగా బయటికొచ్చింది. సగం కింద ఫ్లోర్‌కి వెళ్లింది.

డిసెంబర్‌లో అక్క ఇంటికొస్తోంది. తోడుపిండిని బటర్ పేపర్ మీద పల్చగా పూసి, ఆరబెట్టి, పొడి చేసి తెస్తానంది. అలా ఎండబెట్టిన దాంట్లో జీవులు నిద్రపోతాయి, నీళ్లూ పిండీ పడితే మళ్లీ లేస్తాయి. తను తిరిగి వెళ్లిపోయాక ఎవరు చూసుకుంటారని అడిగితే, అమ్మ "నా తోడు గిన్నె పక్కన పెడతాలే" అంది. సెలవుల తర్వాత కొంచెం హాస్టల్‌కి నేనూ తెచ్చుకుంటా. ఎవరికైనా కావాలంటే మూతున్న సీసా తీసుకుని రండి. రై పిండిలో ప్యాకెట్ ఈస్ట్ ఒక్కటే వేస్తే చాలా అని మాత్రం నన్ను అడక్కండి.